మీ ముఖంతో ఫేక్ ఫొటో బయటికొస్తే ఏం చేయాలి, ఫిర్యాదులో ఏం రాయాలి

రాత్రి పదకొండున్నరకి మా పిన్ని కూతురు ఫోన్ చేసి, "అన్నయ్యా, ఒక్కసారి ఇంటికి రా, అమ్మకి మాత్రం చెప్పకు" అంది. వెళ్లి చూస్తే ఫోన్‌లో ఒక ఫొటో. ముఖం తనదే, చెవులకున్నవి తన నిశ్చితార్థం బుట్టలే, ఎడమ కనుబొమ్మ మీది చిన్న మచ్చ కూడా తనదే. మెడ కింది నుంచి మాత్రం తనది కాదు. నెల క్రితం తనే పబ్లిక్‌గా పెట్టుకున్న నిశ్చితార్థం ఫొటోలోంచి ముఖం తీసుకుని ఎవడో ఏఐ యాప్‌లో పెట్టాడన్నమాట. నేను వెళ్లేసరికే తను రెండు పనులు చేసేసింది. ఆ అకౌంట్ వాడికి "ప్లీజ్ డిలీట్ చెయ్యండి" అని మెసేజ్ పెట్టింది, పోస్ట్ మీద కనిపించిన మొదటి రిపోర్ట్ బటన్ నొక్కింది. వాడు బ్లాక్ చేసి పోయాడు. రిపోర్ట్‌కేమో తెల్లారేసరికి "మా నిబంధనలకు విరుద్ధంగా ఏమీ కనిపించలేదు" అని జవాబొచ్చింది.

ఆ వారంలో ఎక్కే గుమ్మం దిగే గుమ్మంగా తిరిగి నేర్చుకున్నదే ఇక్కడ రాస్తున్నా. నేను లాయర్‌ని కాను. కేసు పెద్దదైతే లాయర్ దగ్గరికి వెళ్లాల్సిందే. కానీ మొదటి రోజు చేయాల్సిన పనులకి లాయర్ అక్కర్లేదు.

ముందు ఆధారం. ఆ తర్వాతే రిపోర్ట్. అందరూ దీన్ని తిరగేసి చేస్తారు, తప్పు కూడా కాదు, అలాంటి ఫొటో చూసినప్పుడు ఎవరికైనా అది మాయమైపోతే చాలనిపిస్తుంది. కానీ అది మాయమయ్యాక పోలీసుకి చూపించడానికి మీ దగ్గర ఏమీ ఉండదు. ఉత్త స్క్రీన్‌షాట్ సరిపోదు, ఎందుకంటే ఫోన్ యాప్‌లో తీసిన స్క్రీన్‌షాట్‌లో లింక్ కనిపించదు. షేర్ బటన్ నొక్కి పోస్ట్ లింక్ కాపీ చేయండి, అకౌంట్ ప్రొఫైల్ లింక్ విడిగా కాపీ చేయండి, రెండూ ఒక నోట్‌లో తేదీ, టైమ్‌తో సహా పెట్టుకోండి. పైన కనిపించే పేరు కాదు, దాని కింద ఉండే యూజర్‌నేమ్ అక్షరం పోకుండా రాసుకోండి, వాడు రేపు పేరు మార్చేయొచ్చు. తర్వాత స్క్రీన్ రికార్డింగ్ ఆన్ చేసి, ఫోన్‌లో తేదీ కనిపించే చోట మొదలుపెట్టి, ఆ ప్రొఫైల్ తెరిచి, పోస్ట్ దాకా వెళ్లి, కామెంట్లు కూడా కిందికి జరిపి చూపించండి. రెండు నిమిషాల పని.

ఆ ఫొటోని మాత్రం "చూడు ఎలా చేశారో" అని వాట్సాప్‌లో ఎవరికీ పంపకండి, నాలాంటి అన్నయ్యకి కూడా. పంపితే ఫైల్ నాణ్యత మారుతుంది, పైగా మీరే ఇంకో కాపీ పుట్టించినట్టు. ఆ ఫోన్‌ని కేసు తేలేదాకా రీసెట్ చేయొద్దు, మార్చేయొద్దు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియంలో సెక్షన్ 63 కింద ఎలక్ట్రానిక్ ఆధారానికి సర్టిఫికెట్ జత చేయాలి, అది ఏ పరికరంలోంచి వచ్చిందో అందులో రాయాలి.

ఒక్క చోట మాత్రం ఇదంతా వర్తించదు. ఫొటోలో ఉన్నది 18 ఏళ్ల లోపు పిల్లలైతే స్క్రీన్‌షాట్ కూడా తీయకండి. లింక్ మాత్రం రాసుకుని నేరుగా పోలీసుల దగ్గరికి వెళ్లండి. ఐటీ చట్టం 67బి కింద అలాంటివి డౌన్‌లోడ్ చేయడమే నేరం.

ఇప్పుడు రిపోర్ట్. మా వాళ్లది ఎందుకు తిరస్కరించారో తర్వాత చూస్తే తెలిసింది, "ఇది నాకు నచ్చలేదు" లాంటి ఆప్షన్ నొక్కింది తను. టెన్షన్‌లో ఎవరైనా అంతే. మనకి కావాల్సినవి నగ్నత్వం, అనుమతి లేని ప్రైవేటు ఫొటో, వేరొకరిలా నటించడం, ఈ మూడింటిలో ఏదో ఒకటి. దాంతో ఆగకుండా ఆ ప్లాట్‌ఫామ్‌లో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్‌కి విడిగా రాయండి. పేరు, చిరునామా వాళ్ల వెబ్‌సైట్‌లో అడుగున ఎక్కడో పెట్టి తీరాలి, అది చట్టం పెట్టిన షరతు.

అసలు కిటుకు ఉన్నది ఆ ఫిర్యాదులోనే. పేపర్లూ టీవీలూ ఇలాంటి ఏఐ ఫొటోలని డీప్‌ఫేక్ అంటాయి కానీ మనకి పనికొచ్చే నియమంలో ఆ మాట లేదు. 2021 ఐటీ రూల్స్‌లో రూల్ 3(2)(బి) అని ఒకటుంది. వ్యక్తి నగ్నత్వం, లైంగిక చర్య, ఎలక్ట్రానిక్ రూపంలో వేరొకరిలా నటించడం, కృత్రిమంగా మార్ఫింగ్ చేసిన చిత్రాలు, ఇవీ అందులో ఉన్న మాటలు. కాబట్టి మీరూ అవే మాటలు రాయండి. మేం రెండోసారి పంపింది దాదాపు ఇలా ఉంది: "ఈ లింక్‌లో ఉన్న ఫొటోలో ముఖం నాది. నా అనుమతి లేకుండా కృత్రిమంగా మార్ఫింగ్ చేసి నన్ను నగ్నంగా చూపించారు. ఐటీ రూల్స్ 2021, రూల్ 3(2)(బి) కింద ఫిర్యాదు చేస్తున్నాను. నియమం చెప్పిన గడువులోగా తొలగించి, ఫిర్యాదు నంబర్ పంపండి." ఇంగ్లిష్‌లో రాయగలిగితే ఇంగ్లిష్‌లో పంపండి, అవతల చదివేవాళ్లకి తెలుగు రాకపోవచ్చు. మీ అసలు ఫొటో పక్కన పెట్టి పంపితే పోలిక చూసుకుంటారు. అన్నట్టు, బాధితురాలే రాయాలనేం లేదు, ఆమె తరఫున ఎవరైనా రాయొచ్చని ఆ నియమంలోనే ఉంది. మా ఇంట్లో నేనే టైప్ చేశాను, తనకి చేతులాడలేదు.

గడువెంతంటే, మొదట్లో 24 గంటలు. 2026 ఫిబ్రవరి 20 నుంచి అమల్లోకి వచ్చిన సవరణతో దాన్ని 2 గంటలకి కుదించారు. ఏఐతో చేసిన కంటెంట్‌కి లేబుల్ తప్పనిసరి చేసింది కూడా అదే సవరణ. లేబుల్ లేదని ఫిర్యాదులో ఒక వాక్యం వేయొచ్చు, కానీ దాని మీదే ఆధారపడకండి, లేబుల్ వేసినంత మాత్రాన నగ్న ఫొటో సక్రమం అయిపోదు కదా.

కోర్టు ఆర్డర్ తెస్తేనే తీస్తామని ఎవరైనా అంటే వినకండి. 2015లో శ్రేయా సింఘాల్ కేసులో సుప్రీంకోర్టు కోర్టు ఉత్తర్వు గానీ ప్రభుత్వ ఉత్తర్వు గానీ ఉండాలన్న మాట నిజమే, దాని కారణాలు వేరు, ఎవడికి నచ్చకపోతే వాడు అడిగి పోస్టులు తీయించకూడదని. ఇలాంటి ఫొటోలకి 2021 రూల్స్ విడిగా దారి పెట్టాయి, వ్యక్తి ఫిర్యాదే చాలు. గడువులో తీయకపోతే, లేదా తీసేది లేదని కరాఖండిగా చెప్పేస్తే, 30 రోజుల్లోపు గ్రీవెన్స్ అప్పిలేట్ కమిటీకి అప్పీలు చేసుకోవచ్చు. 2023లో కేంద్రం వేసిన కమిటీలు ఇవి, అంతా ఆన్‌లైన్‌లోనే.

దీంతోపాటు స్టాప్‌ఎన్‌సీఐఐ అనే ఉచిత సైట్ వాడండి, 18 దాటిన వాళ్లకి. ఫొటో మీ ఫోన్ దాటి బయటికి పోదు, దాని వేలిముద్ర లాంటి ఒక కోడ్ మాత్రం తయారై ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ లాంటి భాగస్వామి సంస్థలకి వెళ్తుంది, మళ్లీ ఎవడైనా అదే ఫొటో ఎక్కిస్తే పట్టుకుంటాయి. కొంచెం కత్తిరించి ఎక్కిస్తే తప్పించుకునే అవకాశం ఉంది, కాబట్టి ఎన్ని రకాలు కనబడితే అన్నిటికీ కోడ్ చేయండి.

ఇక పోలీసులు. 1930 అందరికీ తెలిసిన నంబరే, అది ప్రధానంగా డబ్బు పోయిన కేసులకి. ఫొటోలకైతే సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో మహిళలు, పిల్లల మీద నేరాల విభాగం ఉంది. అందులో పేరు చెప్పకుండా కూడా ఇవ్వొచ్చు కానీ అలా ఇస్తే కేసు ఎక్కడిదాకా వచ్చిందో చూసుకోలేరు, నా ఓటు పేరుతో ఇవ్వడానికే. తెలంగాణలో షీ టీమ్స్, ఆంధ్రలో శక్తి యాప్ ఉన్నాయి, స్టేషన్‌కి వెళ్లడానికి జంకేవాళ్లకి అక్కడ మొదలుపెట్టడం తేలిక.

స్టేషన్‌లో "మా పరిధి కాదు" అంటే జీరో ఎఫ్‌ఐఆర్ అడగండి. బీఎన్‌ఎస్‌ఎస్ (సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 173 ప్రకారం నేరం ఎక్కడ జరిగినా తీసుకోవాలి, ఆన్‌లైన్‌లో పంపినా తీసుకోవాలి, కాకపోతే 3 రోజుల్లో వెళ్లి సంతకం పెట్టాలి. ఐటీ చట్టం కేసు దర్యాప్తు చేయాల్సింది ఇన్‌స్పెక్టర్, ఆ పై హోదా వాళ్లు. ఎస్సై గారు "రేపు రండి" అన్నప్పుడు మేం ఈ సంగతి మర్యాదగా గుర్తు చేస్తే సీఐ గారి గదికి పంపించారు.

సెక్షన్ల దగ్గర ఒక చిక్కుంది, నాకు అన్నిటికంటే ఆసక్తిగా అనిపించింది ఇదే. ఐటీ చట్టం 66ఇ, బీఎన్‌ఎస్ (ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) 77 రెండూ ఒక మనిషి రహస్య భాగాలని, ఏకాంతాన్ని ఫొటో తీయడం, ప్రచారం చేయడం గురించి. మరి ఇక్కడ కెమెరాయే లేదు, శరీరం ఆమెది కాదు. "ఎవరి ఏకాంతానికి భంగం కలిగింది?" అని అవతలి లాయర్ అడగడానికి సందుంది. 67, 67ఎ సెక్షన్లలో ఆ గొడవ లేదు, శరీరం ఎవరిదైనా అశ్లీలం ప్రచురించడమే నేరం. 67ఎకి మొదటిసారే 5 ఏళ్ల దాకా జైలు, 10 లక్షల దాకా జరిమానా. అందుకే ఫిర్యాదులో 67, 67ఎ కూడా పరిశీలించమని రాయండి. రష్మిక మందన్న కేసు గుర్తుందా, 2023 నవంబరులో లిఫ్ట్ వీడియో? బ్రిటన్‌లో ఉండే ఇంకో అమ్మాయి వీడియోకి రష్మిక ముఖం తగిలించారు. ఢిల్లీ పోలీసులు ఫోర్జరీ సెక్షన్లు, ఐటీ చట్టంలో 66సి (వేరొకరి గుర్తింపు దొంగిలించడం), 66ఇ పెట్టారు, 2024 జనవరిలో నిందితుణ్ని పట్టుకున్నది మన గుంటూరు జిల్లాలో. ఫ్యాన్ పేజీకి ఫాలోవర్లు పెరగాలని చేశాడట!

చిరంజీవి గారు, నాగార్జున గారు 2025లో కోర్టుకెళ్లి తమ పేరు, రూపం వాడకుండా ఉత్తర్వులు తెచ్చుకున్నారు. అది వాళ్ల పేరుకి మార్కెట్ విలువ ఉంది కాబట్టి నడిచే దారి, మన పిన్ని కూతుళ్లకి దగ్గరి దారి ఆ రూల్ 3(2)(బి)నే. అమెరికాలో ఉన్న మనవాళ్లకి అక్కడ 2025 మేలో వచ్చిన టేక్ ఇట్ డౌన్ చట్టం ఉంది, ఏఐ ఫొటోలకీ వర్తిస్తుంది, ఫిర్యాదు అందిన 48 గంటల్లో తీసేయాలి.

డబ్బిస్తే తీసేస్తానని ఎవడైనా మెసేజ్ పెడితే రూపాయి కూడా పంపకండి, ఒకసారి పంపితే రేటు పెరుగుతుంది అంతే. ఆ చాట్ డిలీట్ చేయకుండా దాచండి, బీఎన్‌ఎస్ 308 కింద బెదిరించి డబ్బు గుంజడం విడిగా ఇంకో నేరం.

మా ఫొటో రెండో ఫిర్యాదు పంపిన పూట తిరక్కుండానే పోయింది. స్టేషన్‌లో ఎఫ్‌ఐఆర్ కాపీ మాత్రం అడిగి తీసుకోవాల్సి వచ్చింది, అది ఉచితంగా ఇవ్వాలి, అడగకపోతే ఒక్కోసారి ఇవ్వరు. అసలు కేసే కట్టకపోతే అదే ఫిర్యాదుని పోస్టులో ఎస్పీకి పంపండి, నగరంలో అయితే కమిషనరేట్‌కి, రసీదు దాచుకుని. అప్పటిదాకా తన దగ్గరి నుంచి దాచిన సంగతి పిన్నికి తెలిసింది ఆ ఎఫ్‌ఐఆర్ కాపీ బీరువాలో పెట్టేటప్పుడే. చదివి, బుట్టలు బాగా కనబడుతున్నాయని నిశ్చితార్థం ఫొటో పబ్లిక్‌గా పెట్టమన్నది తనేనని గుర్తొచ్చి కాసేపు ఏడ్చి, తర్వాత నన్ను తిట్టింది, మొదటి రోజే ఎందుకు చెప్పలేదని.