వ్యాపారికి చట్టం, 4వ పాఠం: షాపు అద్దె కాగితాన్ని చదవడం

ముందు పోయిన పాఠంలో ఇచ్చిన లెక్క సంగతి చూద్దాం. చిన్న తయారీదారుకు గడువులోపు డబ్బు కట్టకపోతే ఆ ఖర్చు మీ ఆదాయపు పన్ను లెక్కలో ఏ ఏడాది చెల్లుతుందన్నది ప్రశ్న. ఆటోనగర్‌లో ఒక చిన్న వర్క్‌షాపు మీకు విడిభాగాలు తయారుచేసి జనవరి 10న ఇచ్చింది. రాతపూర్వక ఒప్పందం ఏదీ లేదు. మీరు ఏప్రిల్ 20న డబ్బు కట్టారు. ఒప్పందం లేదు కాబట్టి గడువు 15 రోజులే. జనవరి 25తో అది అయిపోయింది, మార్చి 31 లోపూ కట్టలేదు. కాబట్టి ఆ ఖర్చు ఆ ఏడాది లెక్కలో చెల్లదు, డబ్బు కట్టిన ఏడాదిలో చెల్లుతుంది. 45 రోజుల దాకా గడువు రాతలో ఒప్పందం ఉన్నవాళ్లకే. అదే సరుకు తయారీదారు దగ్గర కాకుండా ట్రేడరు దగ్గర కొని ఉంటే అసలు ఈ నిబంధనే వర్తించదు. చాలామంది తప్పేది అక్కడే.

ఈ పాఠంలో నేర్చుకునేది ఒకటే పని. ఒక షాపు అద్దె అగ్రిమెంట్ చేతికిస్తే పది నిమిషాల్లో మూడు మాటలు చెప్పగలగాలి: జీఎస్టీ ఎవరు కట్టాలి, టీడీఎస్ (ఓనరు ఆదాయపు పన్ను కింద అద్దెలోంచి ముందే కోసి ప్రభుత్వానికి కట్టేది) కోయాలా వద్దా, ఈ కాగితం కోర్టులో నిలబడుతుందా. మీ షాపు అగ్రిమెంట్ తీసి పక్కన పెట్టుకోండి. లేకపోతే పక్క షాపాయనది అడగండి, కాదనరు.

కాగితంలో మొదట అద్దె అంకె వెతక్కండి. ఓనరు ఎవరో వెతకండి. ఆయనకు జీఎస్టీ నంబరు ఉందా? ఆయన ఇండియాలోనే ఉంటున్నారా? అద్దె తీసుకునే మనిషీ, ఆస్తి ఎవరి పేరు మీద ఉందో ఆ మనిషీ ఒకరేనా? విజయవాడలో మూడో ప్రశ్న ఊరికే అడగడం లేదు. అద్దె పెద్దాయన ఖాతాలో పడుతుంటుంది, ఆస్తి మాత్రం డాలస్‌లో ఉన్న కొడుకు పేరు మీద ఉంటుంది. దీని సంగతి కాసేపట్లో చూద్దాం. అనుమానం ఉంటే రిజిస్ట్రేషన్ శాఖ సైట్లో ఈసీ (ఆ ఆస్తి మీద రిజిస్టర్ అయిన లావాదేవీలు చూపే పత్రం) తీయండి, కార్పొరేషన్ ఇంటి పన్ను రసీదు అడగండి.

జీఎస్టీ ఎవరి నెత్తిన

షాపు, ఆఫీసు, గోడౌన్ అద్దె మీద జీఎస్టీ 18 శాతం. 2025 సెప్టెంబర్ 22న స్లాబులు మారినప్పుడు కూడా ఇది మారలేదు. ఓనరుకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉంటే పెద్దగా ఆలోచించాల్సిందేమీ లేదు. ఆయన బిల్లు ఇస్తారు, మీరు అద్దెతో పాటు పన్ను ఇస్తారు, అది మీ జీఎస్టీఆర్-2బిలో (మీ కొనుగోళ్ల మీది పన్నును పోర్టల్ చూపే పట్టికలో) కనబడితే ఐటీసీ తీసుకుంటారు, అంటే మీరు కట్టాల్సిన జీఎస్టీలోంచి దాన్ని తగ్గించుకుంటారు.

అసలు మార్పు రిజిస్ట్రేషన్ లేని ఓనరు విషయంలో వచ్చింది. సేవలు ఇచ్చేవాళ్లకు ఏడాదికి 20 లక్షలు దాటితేనే రిజిస్ట్రేషన్. కాబట్టి ఒకటి రెండు షాపులున్న ఓనర్లలో ఎక్కువమంది దాని బయటే ఉంటారు. 2024 అక్టోబర్ 10 దాకా అలాంటి అద్దె మీద జీఎస్టీ లేదు. ఆ రోజు నుంచి రిజిస్ట్రేషన్ లేని ఓనరు, రిజిస్ట్రేషన్ ఉన్న కిరాయిదారుకు షాపు ఇస్తే పన్ను కిరాయిదారే నేరుగా ప్రభుత్వానికి కట్టాలి. అదే రివర్స్ చార్జ్. దీనికి కనీస పరిమితి లేదు, అద్దె 5 వేలైనా వర్తిస్తుంది.

కంపోజిషన్‌లో (అమ్మకాల మీద తక్కువ శాతం పన్ను కట్టే పథకంలో) ఉన్న చిన్న వ్యాపారులకు ఇది మొదట గట్టిగా తగిలింది, ఎందుకంటే వాళ్లకు ఐటీసీ రాదు. 2025 జనవరి 16 నుంచి వాళ్లను మినహాయించారు. మధ్యలో గడిచిన మూడు నెలలకు కట్టినవాళ్లు కట్టినట్టు, కట్టనివాళ్లు కట్టనట్టు వదిలేశారు. ఆ నెలల కోసం ఎవరైనా మీ దగ్గరికొస్తే ఈ మాట గుర్తుంచుకోండి.

ఇప్పుడు ఒక లెక్క చేద్దాం. బీసెంట్ రోడ్డులో బట్టల షాపు, పార్ట్‌నర్‌షిప్ ఫర్మ్, మామూలు జీఎస్టీ. ఓనరు ఒక రిటైర్డ్ ఉద్యోగి, ఆయనకు జీఎస్టీ నంబరు లేదు. అద్దె నెలకు 60,000. రివర్స్ చార్జ్ 10,800, అందులో సగం కేంద్రానిది, సగం రాష్ట్రానిది. ఈ 10,800ను ఐటీసీతో సర్దుబాటు చేయడం కుదరదు, క్యాష్ లెడ్జర్ (జీఎస్టీ పోర్టల్లో మీరు నగదు జమచేసే ఖాతా) నుంచే కట్టాలి. కట్టాక అదే నెల జీఎస్టీఆర్-3బి రిటర్నులో అంతే మొత్తం ఐటీసీగా తీసుకోవచ్చు. 3బిలో 3.1(డి) గడిలో పన్ను చూపించండి, 4(ఏ)(3) గడిలో ఐటీసీ చూపించండి. మొదటిది నింపి రెండోది మరిచిపోయే అకౌంటెంట్లు ఉన్నారు. ఆ నష్టం మీదే కాబట్టి మీరే ఒకసారి చూసుకోండి.

“ఇటు కట్టి అటు తీసుకుంటాం కదా, మనకేం పోయింది” అని మీకు చాలామంది చెబుతారు. అన్ని వ్యాపారాలకూ అది నిజం కాదు. ఈ షాపు నెలకు 8 లక్షల బట్టలు కొని 10 లక్షలకు అమ్ముతుందనుకోండి, అంతా 5 శాతం సరుకే. అమ్మకాల పన్ను 50,000, కొనుగోళ్ల ఐటీసీ 40,000, కట్టాల్సింది 10,000. అద్దె మీద వచ్చిన ఐటీసీ 10,800. అంటే ఈ ఒక్క నెలలోనే 800 మిగిలిపోయింది. దసరాకు ముందు స్టాకు నింపే నెలల్లో ఐటీసీ కొండలా పేరుకుంటుంది, రివర్స్ చార్జ్ మాత్రం ప్రతి నెలా నగదుగానే పోతుంది. ఇలా మిగిలిన దాన్ని రీఫండ్ అడగడానికి ఈ షాపుకు దారి లేదు. గుంటూరు మిర్చి ఎగుమతిదారుకు ఈ బాధ ఉండదు, ఎగుమతి రీఫండ్‌లో ఆఫీసు అద్దె మీది ఐటీసీ కూడా కలుస్తుంది. అందరికంటే ఎక్కువ నష్టపోయేది 5 శాతం పన్నుతో నడిచే హోటళ్లు. వాళ్లకు ఐటీసీ లేదు కాబట్టి కట్టిన 18 శాతం నేరుగా ఖర్చే. హోటల్ పెట్టేవాళ్లు అద్దె బేరం ఆడేటప్పుడే దీన్ని కలుపుకుని మాట్లాడాలి. తర్వాత అడిగితే ఓనరు నవ్వుతారు.

సెల్ఫ్ ఇన్వాయిస్

ఓనరు జీఎస్టీ బిల్లు ఇవ్వలేరు కాబట్టి ఆయన తరఫున మీకు మీరే ఇన్వాయిస్ రాసుకోవాలి. 2024 నవంబర్ 1 నుంచి దీనికి గడువు పెట్టారు, సేవ అందిన 30 రోజుల్లో రాయాలి. దీనికి వేరే నంబరు వరుస పెట్టుకోండి. ఓనరు పేరు, చిరునామా, ఏ నెల అద్దె, ఎంత, రివర్స్ చార్జ్ కింద పన్ను ఎంత, ఇవి ఉంటే చాలు. డబ్బు ఇచ్చినప్పుడు పేమెంట్ వోచర్ కూడా ఉండాలి. పన్ను ఏ నెలలో కట్టాలన్నది అద్దె ఇచ్చిన తేదీ, ఇన్వాయిస్ తేదీ, వీటిలో ఏది ముందైతే దాన్నిబట్టి ఉంటుంది. ఆలస్యమైతే 18 శాతం వడ్డీ, ఆ వడ్డీకి ఐటీసీ ఉండదు. ప్రతి నెలా అద్దె ట్రాన్స్‌ఫర్ చేసిన రోజే ఇన్వాయిస్ రాసేయడం నా సలహా. ఏడాది చివర పన్నెండు ఒకేసారి రాస్తే ఆడిట్‌లో ఇట్టే తెలిసిపోతుంది.

అగ్రిమెంట్‌లో “అడ్వాన్సు” అన్న చోట ఒక్క క్షణం ఆగండి. ఖాళీ చేసేటప్పుడు తిరిగిస్తారని ఉంటే అది డిపాజిట్, దాని మీద ఇప్పుడు జీఎస్టీ లేదు, టీడీఎస్ లేదు. చివరి నెలల అద్దెలో సర్దుకుంటామని ఉంటే అది ముందుగా ఇచ్చిన అద్దె అంటారు, ఇచ్చిన రోజే పన్ను కట్టమంటారు. డాక్యుమెంట్ రైటర్‌కు ఈ తేడా పట్టదు, మీరే చెప్పి రాయించుకోవాలి.

టీడీఎస్

2025 ఏప్రిల్ 1కి ముందు పరిమితి ఏడాదికి 2,40,000. ఇప్పుడు నెలకు 50,000. సరిగ్గా 50,000 అయితే కోయక్కర్లేదు, దాటితే మొత్తం మీద 10 శాతం. మన బట్టల షాపు 6,000 కోసి ఓనరుకు 54,000 ఇస్తుంది. రివర్స్ చార్జ్ 10,800ను ఇందులోకి లాగకండి, అది ఓనరుకు ఇచ్చే డబ్బు కాదు.

ఎవరు కోయాలన్నది మీ వ్యాపారం ఏ రూపంలో ఉందన్న దాన్ని బట్టి మారుతుంది. ఫర్మ్, కంపెనీ అయితే టర్నోవర్ ఎంతైనా కోయాల్సిందే, టాన్ (టీడీఎస్ కోసేవాళ్లు తీసుకునే నంబరు) కావాలి. సొంత పేరు మీద వ్యాపారం చేసేవాళ్లు అంతకుముందు ఏడాది టర్నోవర్ కోటి దాటితే పై లెక్కలోకి వస్తారు. కోటి లోపైతే, అద్దె 50,000 దాటినప్పుడు 2 శాతం కోస్తే చాలు. 2024 అక్టోబర్‌కు ముందు ఇది 5 శాతం. దీనికి టాన్ అక్కర్లేదు, ఏడాది చివర ఒకసారి, లేదా ఖాళీ చేసే నెలలో కోయాలి. ఓనరు పాన్ ఇవ్వనంటే మామూలు కేసులో 20 శాతం కోయండి, మర్నాడే పాన్ వస్తుంది. ఆస్తి అన్నదమ్ములదై ఎవరి వాటా ఎంతో స్పష్టంగా ఉండి, అద్దె విడివిడిగా ఇస్తుంటే 50,000 పరిమితిని ఒక్కొక్కరికి విడిగా చూడాలి.

2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం, 2025 అమలు. అందులో జీతం తప్ప మిగతా టీడీఎస్‌లన్నీ 393వ సెక్షన్‌లో ఒకే చోట పట్టికలుగా ఉంటాయి. అద్దె పరిమితి, రేట్లు పాతవే. పాత సెక్షన్ నంబర్లు బట్టీపట్టిన వాళ్లకే కాస్త టెన్షన్.

ఇక డాలస్ కొడుకు. ఆస్తి ఎన్నారై పేరు మీద ఉంటే 50,000 పరిమితి లేదు, కోటి టర్నోవర్ లెక్కా లేదు. మొదటి రూపాయి నుంచే 30 శాతం, సెస్ కలిపితే 31.2. అద్దె విజయవాడలో ఉన్న నాన్నగారి ఖాతాలో పడినా సరే. కోయకపోతే ఆ పన్ను మీ దగ్గరే వసూలు చేస్తారు. ఆయన తన అసలు ఆదాయం తక్కువని శాఖ నుంచి సర్టిఫికెట్ తెచ్చుకుంటే తక్కువ రేటుకు కోయవచ్చు. ఆ పని ఆయనది.

కాగితం నిలబడుతుందా

“11 నెలలకు రాసుకున్నాం, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు” అన్న మాట వినని వ్యాపారి మన దగ్గర ఉండరు. 1908 రిజిస్ట్రేషన్ చట్టం ఏడాది దాటిన లీజులకే రిజిస్ట్రేషన్ అడుగుతుంది, అది నిజమే. కానీ ఆంధ్రప్రదేశ్ 1999లో ఆ క్లాజును సవరించింది. ఇక్కడ ఎంత కాలానికి రాసుకున్నా లీజు రిజిస్టర్ కావాల్సిందే. నోటరీ చేసిన 100 రూపాయల స్టాంపు కాగితంతో జీఎస్టీ నంబరు వచ్చి ఉండొచ్చు, కరెంటు కనెక్షన్ వచ్చి ఉండొచ్చు. గొడవ కోర్టు దాకా వెళితే అందులోని షరతులను సాక్ష్యంగా తీసుకోరు.

దీని దెబ్బ ఇలా ఉంటుంది. మీరు అయిదేళ్ల ధీమాతో ఇంటీరియర్‌కు 15 లక్షలు పెట్టారు. రిజిస్టర్డ్ డీడ్ లేకపోతే చట్టం దృష్టిలో మీరు నెలవారీ కిరాయిదారు. 1882 ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్ ప్రకారం ఓనరు 15 రోజుల నోటీసు ఇస్తే చాలు. “మూడేళ్ల దాకా ఖాళీ చేయించకూడదు”, “ఏడాదికి 5 శాతమే పెంచాలి” అని మీరు బతిమాలి రాయించుకున్న షరతులు అక్కడ పనికిరావు. రిజిస్టర్ చేసి ఉంటే ఓనరు షాపు అమ్మేసినా కొన్నవాళ్లు మీ లీజుకు కట్టుబడాలి, ఈసీలోనూ అది కనబడుతుంది. స్టాంపు డ్యూటీకి భయపడి వెనక్కి తగ్గేవాళ్లు ఇంటీరియర్ బిల్లును పక్కన పెట్టుకుని చూసుకోవాలి.

ఓనర్లు రిజిస్ట్రేషన్‌కు ఒప్పుకోకపోవడానికి చాలాసార్లు కారణం అద్దె లెక్కల్లో చూపించాల్సి వస్తుందనే. మీరు టీడీఎస్ కోస్తూ, సెల్ఫ్ ఇన్వాయిస్ రాస్తూ ఉంటే ఆ అద్దె ఎలాగూ ఆయన పాన్ మీదికి చేరింది. ఆ మాట మర్యాదగా చెప్పి చూడండి, సగం మంది ఒప్పుకుంటారు.

ఇంటి పని

గుంటూరు అరండల్‌పేటలో టిఫిన్ హోటల్, ఒక్కరి సొంత వ్యాపారం. పోయిన ఏడాది టర్నోవర్ 80 లక్షలు, జీఎస్టీ 5 శాతం, కంపోజిషన్‌లో లేరు. అద్దె 55,000. ఓనరుకు జీఎస్టీ నంబరు లేదు, అమెరికాలో ఉంటున్నారు, అద్దె వాళ్ల అమ్మగారి ఖాతాలో పడుతుంది. 11 నెలల నోటరీ అగ్రిమెంట్. అడ్వాన్సు 3,30,000, చివరి ఆరు నెలల అద్దెకు సర్దుబాటు అని రాసి ఉంది. జీఎస్టీ ఎంత, ఎవరు కట్టాలి, ఏ నెలలో? టీడీఎస్ ఎంత శాతం? హోటలాయనకు నెలకు అద్దె ఖర్చు నిజంగా ఎంత పడుతుంది? ఈ అగ్రిమెంట్‌ను మీరైతే ఎలా తిరగరాస్తారు?

వచ్చే పాఠం జీఎస్టీ నోటీసుకు జవాబు రాయడం గురించి. 2024-25 ఆర్థిక సంవత్సరం నుంచి 73, 74 సెక్షన్లకు బదులు వచ్చిన 74ఏ సెక్షన్ నోటీసు నమూనాతో మొదలుపెడదాం. మీకు ఎప్పుడైనా వచ్చిన పాత నోటీసు ఉంటే తీసి పెట్టుకోండి.