రాత్రిపూట బండి నంబరు ఇలా దొరికింది

మల్కాజిగిరిలో మా గేటు మీద ఐపీ కెమెరా (నెట్‌వర్క్‌కి తగిలించే నిఘా కెమెరా) పెట్టించాం. పగలు అద్దంలా ఉండేది. రాత్రయితే సందులో వెళ్లే బండి ఓ తెల్ల మరక. పెట్టిన అబ్బాయిని అడిగితే "కొత్తది కొనండి సార్" అన్నాడు. ఎందుకో నమ్మబుద్ధి కాలేదు.

ల్యాప్‌టాప్‌లో కెమెరా ఐపీ అడ్రస్ కొట్టి సెట్టింగ్స్ తెరిచాను. షట్టర్, అంటే ఒక్కో ఫ్రేముకు కెమెరా వెలుగు తీసుకునే సమయం, ఆటోలో ఉంది, చీకట్లో సెకనులో 1/25వ వంతుకి పడిపోతోంది. అంతసేపు తెరుచుకుని ఉంటే కదిలే బండి సాగిపోక ఏమవుతుంది? 1/100 చేశాను. మన కరెంటు 50 హెర్ట్జ్, దానివల్ల ట్యూబ్‌లైటు సెకనుకు వందసార్లు మిణుకుతుంది, కాబట్టి ఆ వేగంలో దాని చారలూ రావు. బొమ్మ కాస్త చీకటైంది, అందుకే గేటు లైటు వేసే ఉంచుతున్నాం. మా ఆవిడ బిల్లు గురించి గొణుగుతోంది, అది వేరే కథ.

బిట్‌రేట్, అంటే సెకను వీడియోకి వాడే డేటా, 1024 నుంచి 4096 కేబీపీఎస్‌కు (సెకనుకు కిలోబిట్లు) పెంచాక బొమ్మ గడులుగా పగలడం ఆగింది. రికార్డింగ్ మాత్రం ఇదివరకు నెల నిలిచేది, ఇప్పుడు వారమే.