చెత్తతో బొమ్మలు: పిల్లలను కూర్చోబెట్టే ముందు

• సీసాలు, పాల ప్యాకెట్లు ముందురోజే సబ్బునీళ్లతో కడిగి ఎండబెట్టండి. వాసన వస్తే పిల్లలు దగ్గరికే రారు.

• ఫినాయిల్, యాసిడ్, పురుగుమందు డబ్బాలు ఎంత కడిగినా వద్దు.

• అన్నిటికంటే ముఖ్యం బిళ్ల బ్యాటరీలు. పాడైన రిమోట్లు, పాటల బొమ్మలు ఇచ్చేముందు వెనక మూత తీసి చూడండి. మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోయే ప్రమాదం ఉంది. మింగారన్న అనుమానం వచ్చినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి, వాంతి చేయించకూడదు.

• సీసా కోసే పని పెద్దలదే. కోసిన అంచును వేలితో తడిమితే తెలుస్తుంది, బ్లేడులాగే ఉంటుంది. చుట్టూ రెండు వరసలు టేపు అంటించి అప్పుడు చేతికివ్వండి.

• మూడేళ్లలోపు వారుంటే సీసా మూతలు, పూసలు, గుండీలు తీసేయండి. నోట్లో పెట్టుకోకుండా ఉండరు.

• పక్కనే ఆకుపచ్చ బుట్ట, నీలం బుట్ట పెట్టండి. తడి చెత్త ఆకుపచ్చలో, పొడిది నీలంలో. అరటితొక్క ఎందులో వేయాలో వాళ్లనే చెప్పనివ్వండి. తప్పు చెబితే పక్కవాడు సరిదిద్దుతాడు.

• మెరుపుల పొడి కొనకండి. చెత్త తగ్గించడానికి కూర్చుని కొత్త చెత్త కొనడమెందుకు?