హైదరాబాద్ మొజాంజాహీ మార్కెట్‌కి సాయంత్రం వెళ్లండి

ఆటోవాళ్లకు 'ఎంజే మార్కెట్' అంటే చాలు. మెట్రోలో వచ్చేవాళ్లు గాంధీభవన్ స్టేషన్‌లో దిగండి. కారు మాత్రం వద్దు, పార్కింగ్ టెన్షన్‌తోనే సగం ఉత్సాహం పోతుంది.

నా మాట వినండి, ఎండ తగ్గాకే రండి. ముందు చౌరస్తాలో రోడ్డుకు అవతల నిలబడి గడియారం టవర్‌ను తీరిగ్గా చూడండి. దాని రెండు పక్కలా గ్రానైట్ కమానులు రెండు చేతుల్లా చాచుకుని ఉంటాయి. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ హయాంలో, 1935లో పూర్తయిన కట్టడమిది. ఆయన రెండో కొడుకు మొజాంజా పేరే దీనికి పెట్టారు. ఒకప్పుడు ఇది పండ్ల మార్కెట్. తర్వాత ఆ వ్యాపారం కొత్తపేటకు పోయింది. ఏళ్ల తరబడి మసిపట్టి, బోర్డుల వెనక దాక్కున్న ఈ రాయిని శుభ్రం చేసి, బాగుచేసి 2020 ఆగస్టులో మళ్లీ తెరిచారు. ఆ రాతి రంగు చూస్తే నాకు ఇప్పటికీ కడుపు నిండుతుంది.

తర్వాత లోపలి ఆవరణలోకి నడవండి. ఐస్‌క్రీమ్ ఇక్కడే తినాలి. వేసవిలో మామిడి, చలికాలం మొదట్లో సీతాఫలం అడగండి. సీజన్ కాని పండు అడగొద్దు. పక్కనే ఉన్న కరాచీ బేకరీ పాత షాపులో ఫ్రూట్ బిస్కెట్లు కొనుక్కోండి.

గణేశ్ నిమజ్జనం రోజు మాత్రం ఈ ప్లాన్ పెట్టుకోకండి. శోభాయాత్ర ఈ చౌరస్తా మీదుగానే ట్యాంక్‌బండ్‌కు సాగుతుంది.