ముందు 112, తర్వాతే గ్రూపు: ఎండాకాలం గస్తీకి దిగే కాలనీలకు జాగ్రత్తలు

మళ్లీ ఆ వాయిస్ మెసేజ్ తిరుగుతోంది. "మన ఏరియాలోకి ముఠా దిగింది, పిల్లల్ని ఎత్తుకుపోతున్నారు, అందరికీ పంపండి" అంటూ ఆయాసపడే గొంతు. ఏ ఊరో చెప్పదు, ఏ తేదీనో చెప్పదు. ఏటా పరీక్షలయిపోయి ఇళ్లకు తాళాలు పడే రోజుల్లోనే ఇలాంటివి లేస్తాయి. ఆ రాత్రే కాలనీ కుర్రాళ్లు కర్రలు పట్టుకుని బయలుదేరతారు. తర్వాత పేపర్లో వచ్చేది దొంగ దొరికాడన్న వార్త కాదు, దారి తప్పి వచ్చిన మతిస్థిమితం లేని మనిషిని చెట్టుకు కట్టి కొట్టారన్న వార్త.

గస్తీ వద్దని కాదు. దొంగలు ఉన్నమాటా నిజమే. 2021 డిసెంబరులో విజయవాడ, తాడేపల్లి చుట్టుపక్కల చెడ్డీ గ్యాంగ్ కెమెరాలకు చిక్కితే పోలీసులు గుజరాత్ దాకా వెళ్లి పట్టుకొచ్చారు. తాళాలు, గ్రిల్స్, నగలు లాకర్లో పెట్టడం లాంటివి అందరికీ తెలుసు కాబట్టి వాటిని వదిలేద్దాం. చెప్పాల్సింది కాలనీల కొంప ముంచే ఒకే ఒక్క తప్పు గురించి.

అనుమానం రాగానే ఫొటో తీసి ముందు కాలనీ వాట్సాప్ గ్రూపులో పెట్టడం, పోలీసుల అత్యవసర నంబరు 112కు తర్వాత చేయడం. ఇదీ ఆ తప్పు.

చూడ్డానికి చిన్నదే. ఏం జరుగుతుందో చూడండి. రాత్రి 11:05కి గ్రూపులో ఫొటో పడుతుంది. "వీడెవడో గేటు దగ్గర తచ్చాడుతున్నాడు." మొదటి జవాబు "పట్టుకోండి". రెండోది "నిన్న పక్క కాలనీలో కూడా వీడే". ఆ రెండోదానికి ఆధారం ఏమీ ఉండదు. ఐదు నిమిషాల్లో పాతికమంది రోడ్డు మీద ఉంటారు. ప్రతివాడూ పోలీసులకు ఇంకెవరో చెప్పే ఉంటారనుకుంటాడు. నిజంగా ఎవరో 112కు చేసేసరికి 11:40. అప్పటికే దెబ్బలు పడి ఉంటాయి. తర్వాత కేసు అయితే ఆ 35 నిమిషాలే మీ మెడకు చుట్టుకుంటాయి. అప్పగించే ఉద్దేశం ఉంటే అంతసేపు ఎందుకు ఆగారని అడుగుతారు. ఫోన్లోంచి మెసేజ్ తీసేసినా పాతిక ఫోన్లలో స్క్రీన్‌షాట్లు ఉంటాయి.

2018 జులై 13న బీదర్ జిల్లా ముర్కి దగ్గర జరిగింది అచ్చం ఇదే. హైదరాబాద్ నుంచి స్నేహితులతో వెళ్లిన ఒక సాఫ్ట్‌వేర్ ఇంజనీరు బృందం దారిలో బడి పిల్లలకు చాక్లెట్లు ఇచ్చింది. ఊళ్లో అనుమానం పుట్టి గొడవ కావడంతో వాళ్లు కారెక్కి వెళ్లిపోయారు. వీడియో గ్రూపులో పడింది, కారు కన్నా ముందే పక్క ఊరికి చేరింది. అక్కడ దారికి అడ్డం పెట్టి ఆపారు. ఇంజనీరు చనిపోయాడు, కాపాడబోయిన పోలీసులకూ దెబ్బలు తగిలాయి. అరెస్టయినవాళ్లలో గ్రూపు అడ్మిన్ కూడా ఉన్నాడు.

అదే ఏడాది జోగులాంబ గద్వాల జిల్లాలోనూ ఇవే పుకార్లు ఊరూరా తిరిగాయి. అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి ఊరికో కానిస్టేబుల్‌ను అప్పగించి, గ్రామాల గ్రూపుల్లో పోలీసుల్ని చేర్పించి, డప్పులతో పాటలతో చాటింపు వేయించారు. ఊరివాళ్లకు ముఖం తెలిసిన కానిస్టేబుల్ ఒకడుంటే అనుమానం వచ్చినప్పుడు ముందు అతనికి ఫోన్ వెళ్తుంది. మీ బీట్ కానిస్టేబుల్ పేరు మీకు తెలుసా? తెలియకపోతే గస్తీ కన్నా ముందు అది తెలుసుకోండి.

112కు ఏం చెప్పాలి

ఫోన్ ఎత్తేవాళ్లు మీ ఊళ్లో ఉండరు, కంట్రోల్ రూమ్‌లో ఉంటారు. "రామాలయం వెనకాల" అంటే వాళ్లకు అర్థం కాదు. వరుస ఇది: జిల్లా, మండలం, కాలనీ, గేటు గుర్తు. తర్వాత ఏం జరుగుతోంది, ఎంతమంది, చేతిలో ఏముంది, ఎటు వెళ్తున్నారు, బండి నంబరు. చివర్లో మీ పేరు. "ఎవరో ఉన్నారు" అనకండి, "ఇద్దరు, ఒకడు గోడెక్కాడు, రెండోవాడు నల్ల బైక్ మీద బయట ఉన్నాడు" అనండి. లైన్ కట్ చేయకండి. తర్వాత ఆ ఫోన్ ఖాళీగా ఉంచండి, బండిలో వచ్చేవాళ్లు దారి అడగడానికి దానికే చేస్తారు. 100కు చేసినా ఫరవాలేదు.

"ఎస్సైగారు మన గ్రూపులోనే ఉన్నారు కదా" అనే ధీమా వదిలేయండి. ఆయన ఆ రాత్రి బందోబస్తులో ఉండొచ్చు, నిద్రలో ఉండొచ్చు. గ్రూపు మెసేజ్ ఫిర్యాదు కాదు. 112 కాల్‌కు టైము నమోదవుతుంది, నంబరు నమోదవుతుంది, ఎవరు రాలేదో తర్వాత అడగొచ్చు.

గ్రూపును రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా "అడ్మిన్లు మాత్రమే" సెట్టింగులో పెట్టండి. ముందు 112, తర్వాతే గ్రూపు. గ్రూపులోకి వెళ్లేది కూడా ఒకే వాక్యం: "112కు చెప్పాం, ఎవరూ బయటికి రావొద్దు, లైట్లు వేయండి." ఫొటో వద్దు.

గస్తీ కట్టేముందు

గస్తీ తిరిగేవాళ్ల పేర్లు, ఫోన్ నంబర్లు, ఏ రాత్రి ఎవరో రాసి స్టేషన్‌లో ఇచ్చి, కాపీ మీద రిసీట్ ముద్ర వేయించుకోండి. ఇది లాంఛనం కాదు. అర్ధరాత్రి టార్చితో తిరిగే నలుగురు, పోలీసు పెట్రోలింగ్ కారులో వచ్చినవాళ్లకు దొంగల్లాగే కనిపిస్తారు. మెరిసే జాకెట్లు వేసుకోమనేది అందుకే.

ఇద్దరిద్దరుగా తిరగాలి. 11 నుంచి 2 ఒక జత, 2 నుంచి 5 ఇంకో జత. ఒక్కడే వెళ్లడం, పదిమంది వెళ్లడం రెండూ తప్పే. ఒక్కడైతే అతనికి ప్రమాదం, పదిమందైతే ఎదుటివాడికి. రోజూ ఒకే టైముకి ఒకే వీధి తిరగొద్దు, కనిపెట్టేస్తారు. చేతిలో టార్చి, విజిల్, చార్జింగ్ ఉన్న ఫోను. కర్ర వద్దు. కర్ర పట్టుకున్న చేయి మాట్లాడే ముందే లేస్తుంది, పైగా నిజమైన ముఠా ఎదురైతే కర్ర చాలదు. వాళ్లు రాళ్లు రువ్వుతారు. విజిల్ వేసి, లైట్లు వేయించి, వెనక్కి తగ్గి 112కు చెప్పడమే గస్తీ పని. తాగినవాడు రావొద్దు. పద్దెనిమిది నిండనివాడు రావొద్దు.

రాత్రి కాపలా సరే, పగటి సంగతేంటి? తాళం వేసిన ఇళ్ల రెక్కీ జరిగేది చాలావరకు పగలే. గేటు ముందు పడి ఉన్న పాల ప్యాకెట్లు, పేపర్లు చూసి లెక్క వేసుకుంటారు. ఊరెళ్లేవాళ్లు తేదీలు గ్రూపులో ప్రకటించకుండా పక్కింటికీ స్టేషన్‌కీ చెప్పాలి. ఆంధ్రప్రదేశ్‌లో తాళం వేసిన ఇళ్ల మీద నిఘాకు ఎల్‌హెచ్‌ఎంఎస్ అనే ఏర్పాటు తెచ్చారు, మీ స్టేషన్‌లో నడుస్తోందేమో అడగండి.

కెమెరాలు

కాలనీ కెమెరాల్లో సగం దొంగ నడినెత్తిని చూపిస్తాయి. పదిహేను అడుగుల ఎత్తులో బిగిస్తే అంతే. గేటు దగ్గర ఒకటైనా ఎనిమిది, తొమ్మిది అడుగుల ఎత్తులో ముఖానికి ఎదురుగా ఉండాలి. లెన్స్ ముందు సాలెగూడు దులపండి. రాత్రి ఇన్‌ఫ్రారెడ్ వెలుగుకు పురుగులొస్తాయి, పురుగుల కోసం సాలీడు వస్తుంది, తెల్లారి చూస్తే ఫుటేజీ అంతా తెల్లటి తెర.

కెమెరాల రికార్డింగు దాచే పెట్టె, అంటే డీవీఆర్, దాని గడియారం మీ ఫోన్‌తో సరిపోతోందా? ఇరవై నిమిషాలు తేడా ఉంటే దొంగతనం టైముకి వీధిలో ఎవరూ లేనట్టే కనిపిస్తుంది. నాలుగు కెమెరాలకు 1 టీబీ డిస్క్ ఉంటే వారం పది రోజులకే పాతది చెరిగిపోతుంది, కాబట్టి ఊరి నుంచి రాగానే చూసుకోవాలి. తెర మీద ఆడుతున్న వీడియోను ఫోన్‌తో తీసి పంపితే కోర్టులో నిలబెట్టడం కష్టం. డీవీఆర్ నుంచే పెన్‌డ్రైవ్‌లోకి తీయించండి. భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ కావాలి, ఎవరు సంతకం చేయాలో దర్యాప్తు అధికారిని అడగండి. ఇంకో మాట, డీవీఆర్ వాచ్‌మన్ గదిలో టేబుల్ మీద పెడితే దొంగ దాన్నీ పట్టుకుపోతాడు.

నిజంగానే దొరికితే

మామూలు మనిషి కూడా అరెస్టు చేయొచ్చు, కానీ భారతీయ నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 40 గీత గీసింది. మీ కళ్ల ముందు నేరం జరగాలి, అది పోలీసులు వారెంటు లేకుండా పట్టుకోగల, బెయిలు హక్కుగా రాని నేరమై ఉండాలి. (ప్రకటిత నేరస్థుడైతే వేరే సంగతి.) కెమెరాలో చూశామంటే చాలదు, ఎవరో చెప్పారంటే అసలే చాలదు. పట్టుకున్నాక ఆలస్యం చేయకుండా, ఎట్టి పరిస్థితిలోనూ ఆరు గంటల్లోపు పోలీసులకు అప్పగించాలి. పారిపోకుండా ఎంత అవసరమో అంతకు మించి కట్టడి వద్దు.

గోడ పక్కన నిలబడ్డాడనో, హిందీ మాట్లాడాడనో, జవాబు చెప్పలేదనో పట్టుకుంటే అది నిర్బంధం, కేసు మీ మీదే. బుడగ జంగాలు, గంగిరెద్దులవాళ్లు, సాధువులు, ఒడిశా నుంచి వచ్చిన కూలీలు ఇలాగే బలవుతున్నారు. 2018 జులై 1న మహారాష్ట్ర ధులే జిల్లా రెయిన్‌పాడలో చనిపోయిన ఐదుగురూ సంచార జాతివాళ్లే. మతి సరిగా లేనివాడు అడిగినదానికి జవాబు చెప్పడు, ఆ మౌనాన్నే గుంపు ఒప్పుకోలు అనుకుంటుంది.

కొట్టింది ఒకడే అయినా, ఐదుగురు లేదా అంతకు మించి ఒకే ఉద్దేశంతో గుమిగూడితే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 190 ఆ గుంపులో ప్రతి ఒక్కరినీ బాధ్యుణ్ని చేస్తుంది. మనిషి పోతే అది హత్య కేసు. వీడియో తీస్తూ నిలబడ్డవాడు ఆ వీడియోతోనే దొరుకుతాడు.

ఇక ఇవి వరసగా:

- చేయి చేసుకోవద్దు. ఒక్క చెంపదెబ్బ కూడా.
- ఆధార్ చూపించమని నిలదీయొద్దు, సంచీ వెతకొద్దు. ఆ అధికారం మీకు లేదు.
- ఆడమనిషి అయితే ముట్టుకోవద్దు. పిల్లాడు తోడుంటే అసలే గుంపు చేయొద్దు. తన బిడ్డనెత్తుకున్న తల్లినే ఎత్తుకుపోయేదని కొట్టిన ఊళ్లున్నాయి.
- గుంపు చేరుతుంటే ఆ మనిషిని గదిలో కూర్చోబెట్టి, నీళ్లిచ్చి, గుమ్మంలో ఇద్దరు పెద్దవాళ్లు నిలబడండి, బయటివాళ్లు లోపలికి రాకుండా. పోలీసులు రాగానే అప్పగించండి.
- దొంగతనమైన ఇంట్లో బీరువా సర్దొద్దు, కడగొద్దు, పరామర్శకు జనాన్ని లోపలికి పంపొద్దు. క్లూస్ టీమ్ వచ్చేదాకా తలుపు పిడి ముట్టుకోవద్దు.
- "మా పరిధి కాదు" అంటే జీరో ఎఫ్ఐఆర్ అడగండి. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 173 ప్రకారం ఏ స్టేషన్‌లోనైనా నమోదు చేయాలి. ఆన్‌లైన్‌లో ఇస్తే మూడు రోజుల్లో వెళ్లి సంతకం పెట్టాలి. ఎఫ్ఐఆర్ కాపీ ఉచితం, అడిగి తీసుకోండి.
- ఫార్వర్డ్ మెసేజ్‌లో ఊరు, తేదీ, స్టేషన్ పేరు లేకపోతే పంపొద్దు. ఉన్నా ఆ స్టేషన్‌కు ఫోన్ చేశాకే.
- అనుమానితుడి ఫొటో గ్రూపులో వద్దు. స్టేటస్‌లో వద్దు. పక్క కాలనీ గ్రూపులో అసలే వద్దు. 112.
- వాచ్‌మన్ సెల్‌లో బ్యాలెన్స్ ఉందో లేదో చూడండి. అతనికి 112 ఎలా చేయాలో ఒకసారి చెప్పించుకుని వినండి.
- రాత్రి గేటు తాళం ఎవరి దగ్గర ఉంటుందో గస్తీ జతకు తెలియాలి, రెండో తాళంచెవి వాళ్ల దగ్గరే ఉండాలి. పిలిస్తే వచ్చిన పోలీసు బండి గేటు బయట హారన్ కొడుతూ ఉంటే, తాళంచెవి జేబులో పెట్టుకున్న సెక్రటరీగారు మూడో అంతస్తులో ఏసీ వేసుకుని నిద్రపోతుంటారు.