వానాకాలపు నీటి పనుల్లో కాళ్ల పుండ్లు: నెల్లూరు రైతులు, కూలీలు ముందుగా తీసుకోవలసిన జాగ్రత్తలు

అక్టోబరులో ఈశాన్య రుతుపవనాలు మొదలైతే నెల్లూరు జిల్లాలో వరినాట్లయినా, ఇందుకూరుపేట, విడవలూరు వైపు రొయ్యల గుంటల్లో పనయినా గంటల తరబడి నీళ్లలో నిలబడి చేయవలసిందే. నానిన చర్మం వేళ్ల సందుల్లో చిట్లుతుంది. స్టెఫిలోకాకస్, స్ట్రెప్టోకాకస్ అనే బాక్టీరియా ఆ చీలికల గుండా లోపలికి చేరి సెగగడ్డలను, చీముపొక్కులను, కాలు ఎర్రగా వాచి కాగిపోయే సెల్యులైటిస్‌ను కలిగిస్తాయి.

గీసుకున్నా, రొయ్య కొమ్ము గుచ్చుకున్నా గట్టెక్కిన వెంటనే మంచినీళ్లతో, సబ్బుతో కడిగి, తడి లేకుండా అద్ది, శుభ్రమైన కట్టు కట్టాలి. సున్నం, కాఫీపొడి వంటివి పెట్టరాదు. ధనుర్వాతం టీకా ఎప్పుడు వేయించుకున్నదీ గుర్తులేకపోతే పనుల్లోకి దిగకముందే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అడగాలి. సెగగడ్డను పిండితే చీము లోపలి పొరల్లోకి వ్యాపించవచ్చు కనుక, గోరువెచ్చని నీటిలో ముంచిన గుడ్డతో రోజుకు 3, 4 సార్లు, 10 నిమిషాల చొప్పున కాపడం పెట్టడమే మేలు. ఆ గుడ్డను ఇంట్లో మరొకరు వాడకూడదు.

అన్నిటికంటే ఆందోళన కలిగించేది, మందుల షాపులో "దురదకు ఏదైనా ఇవ్వండి" అని అడిగి తెచ్చుకునే ట్యూబులు. వాటిలో చాలావాటిలో స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. అది ఎరుపును, మంటను అణచడంతో పుండు తగ్గినట్టు కనిపిస్తుంది గాని, ఆ చోట రోగనిరోధక శక్తి తగ్గి బాక్టీరియా మరింత పెరుగుతుంది. అందుకే 2018లో కేంద్ర ప్రభుత్వం పలు స్టెరాయిడ్ పూతమందులను డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాలని షెడ్యూల్ హెచ్ కిందికి తెచ్చింది. నిరుడు మిగిలిన యాంటీబయాటిక్ బిళ్లలు మింగడం కూడా ఇంతే ప్రమాదకరం. డాక్టరు రాసిన మందును నొప్పి తగ్గినా చెప్పినన్ని రోజులూ వాడాలి.

షుగరు ఉన్నవారికి పాదాల్లో స్పర్శ తగ్గి గాయం తెలియకపోవచ్చు. వారు రోజూ సాయంత్రం అరికాళ్లు చూసుకోవాలి, చిన్న పుండుకైనా డాక్టరును కలవాలి. ఎవరికైనా సరే, పుండు చుట్టూ ఉన్న ఎరుపు అంచున పెన్నుతో గీత గీసి, ఎరుపు ఆ గీత దాటినా, జ్వరం, చలి వచ్చినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. పుండుకు మించిన నొప్పి, నల్లబడటం, నెత్తుటి బొబ్బలు కనిపిస్తే రాత్రయినా ఆగకుండా 108కి ఫోను చేయాలి. ఉప్పు కలిసిన నీటిలో ఉండే విబ్రియో వల్నిఫికస్ అనే బాక్టీరియా, ముఖ్యంగా కాలేయ జబ్బు ఉన్నవారిలో, గంటల్లోనే ప్రాణం మీదికి తేగలదు. ఏ నీటిలో పనిచేశారో, పెన్సిలిన్ పడకపోతే ఆ సంగతి కూడా డాక్టరు అడగకముందే చెప్పాలి.