రిటైరయ్యాక మళ్లీ కథ రాయాలంటే, ముందు ఆఫీసు భాష వదిలించుకోవాలి

ముప్పై నాలుగేళ్లు రెవెన్యూ శాఖలో చేసి, 62 నిండాక డిప్యూటీ తహసీల్దారుగా రిటైరయ్యాను. మాది చీరాల. కాలేజీ రోజుల్లో రాసిన రెండు కథలు వారపత్రికల్లో వచ్చాయి. ఆ తర్వాత ఉద్యోగం, బదిలీలు, పిల్లల చదువులు. మళ్లీ కలం పట్టి రెండేళ్లయింది. నాలాగే తిరిగి రాయాలనుకునేవాళ్లకి పనికొస్తుందని, నాకు కుదిరిన పద్ధతి చెబుతున్నాను.

మొదటి మూడు నెలలు కథ జోలికి పోకండి. పెన్షన్ కాగితాలు, గ్రాట్యుటీ, హెల్త్ కార్డు తేలకుండా కూర్చుంటే మనసు ట్రెజరీ చుట్టూనే తిరుగుతుంది. అన్నీ ఒక ఫైల్లో పెట్టి, లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాల్సిన నెలని క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకుంటే ఆ టెన్షన్ పోతుంది.

తర్వాత టైం. ఖాళీగానే ఉన్నారు కదా అని ఇంట్లోవాళ్లు, చుట్టాలు ప్రేమగానే పనులు చెబుతారు. నేను మా ఆవిడతో ముందే మాట్లాడుకున్నాను. పొద్దున ఐదున్నర నుంచి ఏడు దాకా నా రాత. ఏడు దాటాక కూరలైనా, మనవణ్ణి స్కూలు బస్సు ఎక్కించడమైనా నాదే పూచీ.

అసలు కష్టం భాష దగ్గర వచ్చింది. నా మొదటి పేజీలో ఇలా ఉంది: 'సదరు వృద్ధుడు చౌకధరల దుకాణమునకు హాజరు కాగా, వేలిముద్ర నమోదు కానందున సరుకులు ఇవ్వబడలేదని విచారణలో తెలియవచ్చినది.' ఇన్నేళ్లూ ఎవరు చేశారో కనబడకుండా రాయడమే మన పని. కథకి ఆ మనిషే కావాలి.

అందుకని ఆ వాక్యం పక్కన, ఆ రోజు రేషన్ షాపు తనిఖీలో నేను కళ్లారా చూసినవి మాత్రమే రాసుకున్నాను. మగ్గం నేసీ నేసీ ఆయన బొటనవేలు నున్నగా అరిగిపోయింది. మెషీన్ మీద పెట్టాడు, పడలేదు. పంచె అంచుకి తుడుచుకుని మళ్లీ పెట్టాడు. అలా నాలుగుసార్లు. ఐదోసారి ఎడం చెయ్యి చాపి, "ఇదన్నా నాదని ఒప్పుకుద్దేమో చూడయ్యా" అన్నాడు. ఆ మాట ఏ నోట్‌ఫైల్లోనూ లేదు. ఏళ్లుగా నా చెవిలో ఉంది. కథ అక్కణ్ణుంచే మొదలైంది.

మీరూ ఇలా చేసి చూడండి. రాసిన పేజీ పైకి చదవండి. 'సదరు', 'యొక్క', 'బడినది', 'డమైనది' కనబడ్డ చోటల్లా ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి, పక్కన 'ఎవరు?' అని రాయండి. జవాబు దొరికితే వాక్యం దానంతటదే మారుతుంది. టీచర్లుగా చేసిన మిత్రులకి ఇంకో అలవాటు ఉంటుంది, కథ చివర పాఠం చెప్పడం. ఆ చివరి పేరా ఒక్కసారి కొట్టేసి చదవమని బతిమాలుతున్నాను.

పేర్లు, ఊళ్లు తప్పకుండా మార్చండి. ఉద్యోగంలో మనల్ని నమ్మి చెప్పుకున్న సంగతులు అవి. మొదటి కథ నాలుగైదు పేజీలు దాటనివ్వకండి, ఒక్క సంఘటన చాలు. నవల తర్వాత చూద్దాం.

చెవి మొద్దుబారిందనిపిస్తే లైబ్రరీకి వెళ్లండి. నాకు దగ్గర్లోనే వేటపాలెం సారస్వత నికేతనం ఉంది, 1918లో పెట్టింది. అక్కడ దాచిన పాత పత్రికల్లో ప్రకటనలు, పాఠకుల ఉత్తరాలు చదువుతుంటే మా నాయనమ్మ మాటలు మళ్లీ వినబడ్డాయి. ఇప్పటి పత్రికలూ చదవండి, ఎవరు ఎంత నిడివి కథ వేస్తున్నారో తెలియాలి.

నేను చేత్తో రాసి, తర్వాత ఫోన్‌కి చదివి వినిపించి టైప్ చేయిస్తాను. యాస మాటల్ని అది మార్చేస్తుంది. 'ఒప్పుకుద్దేమో'ని 'ఒప్పుకుంటుందేమో' చేసింది. అందుకే పక్కన కాగితం పెట్టుకుని అక్షరం అక్షరం సరిచూసుకోవాలి. యూనికోడ్‌లో పంపాలా, డీటీపీ వాళ్లు వాడే అను ఫాంట్లలోనా అన్నది ఆ పత్రిక నియమాల్లో చూడండి. కథతోపాటు హామీపత్రం తప్పనిసరి: సొంత రచన అని, దేనికీ అనువాదమో అనుకరణో కాదని, ఇంకెక్కడా పరిశీలనలో లేదని. ఒకే కథ ఇద్దరికి పంపొద్దు.

పంపిన తేదీ నోటుబుక్కు వెనక పేజీలో వేసుకోండి. నా వేలిముద్ర కథ పంపి యాభై రోజులైంది. ఈలోపు పొలం సర్వేలో గొలుసు పట్టుకున్న కుర్రాడి కథ మూడో పేజీలోకి వచ్చింది.